పడమటి అంచున చావని నీటికాకులు

స్కాట్లండ్ వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, కోట చూశావా అని. చూడలేదు. పోనీ సరస్సు? అదీ లేదు. ఐదు రోజులు సెలవు పెట్టి నేను చూసొచ్చింది ఒక చిన్న దీవి, దాని పడమటి వైపు కొండ అంచు, ఆ అంచు మీద కూర్చున్న నల్లటి పక్షులు. అవి కూడా మనం ఎరగనివేం కాదు. మన చెరువుల్లో రాయి మీద నిలబడి రెక్కలారబెట్టుకునే నీటికాకికి దగ్గరి చుట్టాలు. కళ్లు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. కంపు మాత్రం భరించలేం.

కోట గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను కంపు గురించే రాస్తాను.

నేనెందుకు వెళ్లాల్సి వచ్చిందంటే

లీసెస్టర్‌లో ఒక హాస్పిటల్ పరిశోధన విభాగంలో నాది గణాంకాల ఉద్యోగం. ఏ మందు వాడినవాళ్లు ఎన్నేళ్లు బతికారో తేల్చడం నా పని. దానికి మేం వాడే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని పద్ధతి మామిడిపళ్లు కొనడం లాంటిది. ఫలానా కొట్టులో పండు బాగుంటుందని మనకు ముందే ఒక నమ్మకం ఉంటుంది. పండు చేతిలోకి తీసుకుని వాసన చూశాక ఆ నమ్మకం పెరుగుతుంది, లేదా తరుగుతుంది. ముందున్న నమ్మకం ఎంతో, కళ్లతో చూసిందేమిటో రెండూ చెబితే, చివరికి ఎంత నమ్మవచ్చో ఆ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి ఇస్తుంది. మనుషులకు పనికొచ్చేది అడవి జంతువులకూ పక్షులకూ పనికొస్తుందని ఇక్కడివాళ్లు కనిపెట్టారు. పక్షుల లెక్కలు చూసే ఒక ఆఫీసులో మార్టిన్ అనే ఆయన మా పెద్దాయనకు స్నేహితుడు. ఆ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు మా అంతస్తులో నేనొక్కదాన్నే కాబట్టి, 2004 వేసవిలో రెండు నెలలు నన్ను పక్షులకు అరువిచ్చారు.

మార్టిన్ నాకు ఇచ్చినవి ఆ దీవి తాలూకు ముప్ఫై ఏళ్ల వివరాలు. అక్కడ పుట్టిన పక్షిపిల్లల కాళ్లకు రంగు రింగులు తొడుగుతారు. రింగు మీద రెండు అక్షరాలుంటాయి. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ టెలిస్కోపు పెట్టి ఏ రింగు కనబడిందో రాస్తారు. కనబడితే ఒకటి, కనబడకపోతే సున్నా. కనబడనంత మాత్రాన చచ్చిపోయిందని కాదు, రాతి చాటున ఉండొచ్చు. బతికుండీ కంటపడనివి ఎన్ని, నిజంగా పోయినవి ఎన్ని అని విడదీయడమే సాఫ్ట్‌వేర్ చేసే పని. తూర్పు అంచు లెక్క హ్యూ అనే పడవాయనది. పడమటి అంచు లెక్క ఆయన అక్క ఏల్సాది. తూర్పున అంతా పద్ధతిగానే ఉంది. పడమటి పక్షులు మాత్రం ఈమధ్య కొన్నేళ్లుగా చావడం మానేశాయి.

అందులో ఎన్‌కే అనే పక్షికి ఇరవై నాలుగేళ్లట. ఏటా హాజరు పలుకుతూనే ఉంది. మార్టిన్ దాని చుట్టూ ఎర్రసిరా గీసి 'అసాధ్యం' అని రాశాడు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. 'పడమటి వివరాలు నమ్మదగ్గవి కావు, పూర్తిగా తీసేయవచ్చు' అని ఒక వాక్యం టైపు చేసి పంపేశాను. భోజనానికి వెళ్లే తొందరలో ఉన్నానప్పుడు. ఒక మనిషి ముప్ఫై ఏళ్ల పని ఆ ఒక్క వాక్యంతో చెత్తబుట్టలోకి పోతుందని నాకు తట్టనే లేదు.

మార్టిన్ ఆ వాక్యాన్ని దీవికి కూడా పంపాడట. రెండు వారాలకు అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. 'ఆ మాట రాసినావిడ ఒకసారి వచ్చి చూడాలి. మంచం, గంజి మేం ఇస్తాం.' చేతిరాత హ్యూది. కింద ఏల్సా సంతకం గీత దాటి కాగితం అంచు దాకా జారిపోయింది. ఆ రోజే మార్టిన్ ఫోన్ చేశాడు. "సోమవారం మా కమిటీ ఉంది. నువ్వు మాట మార్చుకోకపోతే ముప్ఫై ఏళ్ల పడమటి పుస్తకాలూ పక్కన పెట్టేస్తాం. ఏల్సాని కూడా" అన్నాడు.

సంచి సర్దుకుంటుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడి చూశాడు. మాది అనంతపురం, ఇద్దరిదీ.

"పిట్టల్ను లెక్కబెట్టేకి ఆడిదాకా పోవల్లా? ఇంట్లో కంప్యూటరుంది గదా."

"కంప్యూటర్లో ఉండే పిట్టలు చావడంలేదప్పా. అదేందో చూసొచ్చేకే పోతాండా."

"చావకుంటే మంచిదే గదా" అన్నాడు. అన్నంత మాత్రాన ఊరుకోలేదు పాపం, పొద్దున్నే లేచి పులిహోర కలిపిచ్చాడు.

మంగళవారం: రైల్లో కుక్క

మన రైల్లో అయితే గుంతకల్లు దాటేలోపు ఎదుటివాళ్ల జీతం, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ పీటర్‌బరోలో రైలు మారి గంట కూర్చున్నా ఎదురుగా ఉన్న ముసలాయన నోరు తెరవలేదు. ఆయన సీటు కింద ఒక కుక్క. నేను పులిహోర డబ్బా మూత తీయగానే అది లేచి నా మోకాలి మీద గడ్డం ఆనించింది.

"అలా చేయకూడదు, ఆవిడ భోజనం చేస్తున్నారు" అని ఆయన కుక్కతో అన్నాడు. తర్వాత కుక్కకే, "ఆవిడ సెలవు మీద వెళ్తున్నారేమో, మనం ఇబ్బంది పెట్టకూడదు" అన్నాడు. నేను కూడా కుక్కతోనే, "సెలవు కాదు, పని మీద" అన్నాను. అలా కుక్క ద్వారా మేం న్యూకాసిల్ దాకా మాట్లాడుకున్నాం. ఆయనకు మొన్ననే మోకాలి ఆపరేషన్ అయిందనీ, కూతురు లీడ్స్‌లో ఉంటుందనీ అన్నీ తెలిశాయి. మనవాళ్లకూ వీళ్లకూ తేడా ఏమీ లేదు, మధ్యలో ఒక కుక్క ఉండాలంతే. కాఫీ పౌను అరవై పెన్నీలు తీసుకున్నారు, అది గోరువెచ్చగా కూడా లేదు.

ఎడింబరోలో ఒక పూట

ఆ రాత్రికి ఎడింబరోలో డాక్టర్ శేషగిరిగారింట్లో దిగాను. ఆయన తెనాలి మనిషి. మత్తుమందు డాక్టరు. ఒకప్పుడు మా హాస్పిటల్లో చేసేవారు. ఆయన భార్య అరుణ ఆంటీ తలుపు తీస్తూనే, "రండి రండి, ఎంత చిక్కిపోయారండీ! ఆ లీసెస్టర్లో తిండి పెట్టట్లేదా ఏంటి మీకు?" అన్నారు. నేను నాలుగు కిలోలు పెరిగిన సంగతి చెప్పలేదు. దోసకాయ పప్పు, గోంగూర, చల్ల మిరపకాయలు. గోంగూర సీసాలోదే అయినా, రెండోసారి వడ్డిస్తే వద్దనలేకపోయాను.

వాళ్ల ఎనిమిదేళ్ల మేఘన నన్ను ఎగాదిగా చూసి, "డాడ్, ఈజ్ షీ ద బర్డ్ లేడీ?" అంది.

"తెలుగులో అడగవే," అన్నారు ఆంటీ.

"ఐ యామ్ ఆస్కింగ్, మమ్," అని గదిలోకి పోయింది.

నేను వచ్చిన పని చెబితే అంకుల్ పెరుగన్నం కలుపుకుంటూ విన్నారు. "కనబడకపోతే సున్నా వేస్తారా? అదేంటండీ! మా క్లినిక్కి రానివాళ్లకు వేరే గడి ఉంటుంది కదా. పేషెంటు రాలేదు అంతే, బతికున్నాడో లేదో మాకేం తెలుసు? తీసుకెళ్లి పోయినవాళ్ల గడిలో వేస్తే ఇంకేమన్నా ఉందా!" అన్నారు.

"సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది అంకుల్, సున్నా అంటే చచ్చిపోయిందని అనుకోదు" అన్నాను. ఆయన చెప్పింది నాకు తెలియని సంగతి కాదనిపించింది. చల్ల మిరపకాయ కొరుక్కుంటూ వదిలేశాను.

బుధవారం: పడవ

రేవు ఊళ్లో వీధంతా ఒకే వాసన, వేడినూనెలో చేప. నేను గుడ్డు తింటానుగానీ చేప ముట్టను. "ఉత్త చిప్సేనా?" అని కొట్టామె మూడుసార్లు అడిగింది, నాకేదో కష్టం వచ్చిందన్నట్టు. డబ్బు తీసుకుని, పైన ఒక ఉడికిన గుడ్డు ఊరికే పెట్టింది. పక్క కొట్లో 'టాబ్లెట్' అనే మిఠాయి అమ్ముతున్నారు. పాలు, చక్కెర, వెన్న వేసి గట్టిపడేదాకా తిప్పుతారట. తింటే పాలకోవా ముక్క ఎండలో మరిచిపోయినట్టు ఉంది. అరపౌను ఇచ్చి కొన్న పొట్లం పడవ ఎక్కేలోపే అయిపోయింది. అదే పొరపాటైంది.

హ్యూ అరవై దాటిన మనిషి. పొట్టిగా, ఎర్రగా, మాటలు లెక్కపెట్టుకుని వాడేవాడు. "కూర్చో అమ్మాయ్. దూరాన నేల ఉంది, దాన్నే చూడు" అన్నాడు. నేను దగ్గర్లో ఉన్న నీళ్లనే చూశాను. పది నిమిషాలకు టాబ్లెట్, చిప్సు, ఊరికే వచ్చిన గుడ్డు, అన్నీ సముద్రుడికే సమర్పించుకున్నాను. హ్యూ ఒక బకెట్ నీళ్లు పోసి పడవ కడిగేశాడు.

దీవి మీద అడుగుపెట్టగానే తెల్లటి చిన్న పక్షులు నెత్తి మీదకు దూకాయి. వాటి గూళ్ల మధ్యలోంచే దారి. ఒకటి నా నడినెత్తిన పొడిచి రక్తం తెప్పించింది. "అయ్యో నీ పాడుగాను!" అని అరిచాను, అచ్చ తెలుగులో. అప్పుడే ఎదురుగా ఎవరో నవ్వారు. పొడవుగా, నెరిసిన జుట్టుతో, చేతిలో ఒక వెదురు కర్ర పట్టుకుని ఉన్నావిడ. "ఇది నెత్తి మీదుగా పట్టుకో. ఎత్తుగా ఏది ఉంటే దాన్నే పొడుస్తాయి" అని కర్ర అందించింది. ఆ కర్రని నా చేతికి రెండడుగుల అవతల గాలిలోకి చాచింది. గాలి ఎక్కువగా ఉంది, అందుకేనేమో అనుకున్నాను.

ఏల్సా ఆవిడే. రిటైరైన టీచరు. ఏప్రిల్ నుంచి జూలై దాకా అక్కాతమ్ముళ్లిద్దరూ దీపస్తంభం పక్కనున్న పాత ఇంట్లో ఉంటారు.

గురువారం: ఉప్పు గంజి

ఓట్స్ గంజి అక్కడ ఉప్పేసి తింటారు. చక్కెర వేసుకుంటే హ్యూ నన్ను ఇంగ్లీషు మనిషిని చూసినట్టు చూశాడు. నేను మిగిలిన పులిహోర తీసి పెట్టాను. ఆయన పెద్ద చెంచాడు నోట్లో పెట్టుకుని, ఎండుమిరపకాయ కూడా నమిలి, కళ్లనీళ్లు కారుతుంటే "బాగుంది" అన్నాడు. తర్వాత పాలసీసా ఎత్తి గటగటా తాగాడు.

ఏల్సా టీ పోస్తోంది. కప్పు అంచు లోపల చూపుడు వేలు పెట్టి, వేడి వేలికి తగలగానే కెటిల్ ఎత్తేసింది. నాకు కప్పు ఇస్తూ నా మొహం వైపు కాకుండా నా చెవి వైపు చూసింది. హాస్పిటల్లో ఒక ఏడాదంతా నేను కంటిజబ్బు రోగుల వివరాల మీద పనిచేశాను. నడిమి చూపు పోయినవాళ్లు మనిషిని చూడాలంటే పక్కకి చూస్తారు. ఆ కాగితాల్లో చదివింది ఇప్పుడు నా ఎదురుగా కప్పు పట్టుకుని నిలబడింది. కప్పు అందుకున్నాను.

పడమటి అంచు మీద ఒక చెక్క పాక ఉంది. కిందికి చూస్తే నూరడుగుల లోతున సముద్రం, మధ్యలో మెట్లమెట్లుగా రాతి అరుగులు, ప్రతి అరుగు మీదా గూళ్లు. కంపు సంగతి మొదట్లోనే చెప్పాను. ఏల్సా టెలిస్కోపు నిలబెట్టి, కన్ను ఆనించి, గబగబా చెప్పడం మొదలుపెట్టింది. "మూడో అరుగు, ఎడమ చివర, ఎఫ్‌డి. దాని పక్కన టీఆర్. ఎల్‌వీ. రాసుకుంటున్నావా?"

రాసుకున్నాను. పావుగంటలో ఇరవై రింగులు. ముందురోజు సాయంత్రం తూర్పు అంచున హ్యూతో కూర్చున్నాను. అక్కడ ఒక్క రింగుకు పది నిమిషాలు పట్టింది, ఒక్కోసారి అరగంట. గూట్లో కూర్చున్న పక్షి కాళ్లు కనబడవు. అది లేచి నిలబడేదాకా కాచుకోవాలి. ఏల్సా దేనికోసమూ కాచుకోలేదు.

ఫ్లాస్కు తేవడానికి ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు నేను టెలిస్కోపులో చూశాను. ఎఫ్‌డి ఉండాల్సిన చోట ఒక పక్షి నిలబడి ఒళ్లు దులుపుకుంటోంది. దాని కాళ్లకు రింగే లేదు. టీఆర్ ఉండాల్సిన చోట గూడు కూడా లేదు, తెల్లటి రెట్ట మాత్రం ఉంది. ఏ అరుగు మీద ఎవరుండాలో ఏల్సాకు కంఠతా వచ్చు. ఉండాల్సినవాళ్లందరికీ హాజరు వేస్తోంది. నాది సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, ముందు తోచింది అదే: ముందున్న నమ్మకం నిండా ఉంది, చూసింది మాత్రం ఏమీ లేదు.

తప్పు పట్టుకున్నందుకు సంతోషించాలి మామూలుగా. నాకు మాత్రం అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది.

రెండే గళ్లు

మధ్యాహ్నం పొగమంచు దిగింది. ఇక బయట పనిలేదు. హ్యూ పడవ చూసుకోవడానికి వెళ్లాడు. వంటగదిలో ల్యాప్‌టాప్ తెరిచి లెక్క నడిపించాను. ఏల్సా ఎదుటి కుర్చీలో కూర్చుని, "ఏం కనబడుతోందో చెప్పు" అంది. తెర తన వైపు తిప్పమనలేదు.

"లెక్కని రెండు వేరు వేరు చోట్ల నుంచి మొదలుపెడతాం. వివరాలు సరిగ్గా ఉంటే రెండు గీతలూ కాసేపటికి కలిసిపోయి ఒకే గొంగళిపురుగులా కనబడతాయి. తూర్పువి కలిశాయి. పడమటివి కలవడంలేదు, విడివిడిగా పోతున్నాయి."

"అంటే?"

"అంటే, మీ పక్షులు చావడంలేదు ఏల్సా."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత, "ఎప్పటి నుంచి అంటోంది నీ యంత్రం?" అంది.

"మూడేళ్లో, నాలుగేళ్లో. దానికి సరిగ్గా తెలియదు. అంతకు ముందువి బాగున్నాయి. ఏ ఏడాది నుంచో ఖాయంగా తెలిస్తే ఆ కొన్నేళ్లే తీసేస్తాను, మిగతావన్నీ నిలబడతాయి. తెలియకపోతే సోమవారం మొత్తం పోతాయి."

"నాకు తెలుసు" అంది. "చెబితే మళ్లీ నన్ను ఆ అంచు మీద లెక్కకు కూర్చోనివ్వరు."

ఓదార్పుకి ఒక అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. "కూర్చోనివ్వరు" అన్నాను.

ఆవిడ లేచి రెండు కప్పులూ కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. వెనక్కి తిరగకుండానే చెప్పింది. "మూడేళ్ల కిందట, ఏప్రిల్. వచ్చిన మొదటి రోజు. టెలిస్కోపులో మధ్యన ఒక మరక. అద్దం తుడిచాను. మర్నాడు సబ్బుతో తుడిచాను. హ్యూని కొత్త అద్దం తెమ్మన్నాను, మొండికేసి తెప్పించుకున్నాను కూడా. మరక అద్దంలో లేదని ఒప్పుకోవడానికి నెల పట్టింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

అప్పుడు తిరిగింది. కోపంగా నా చెవి వైపు చూసింది. "ఏం రాయమంటావ్? మీ కాగితంలో రెండే గళ్లు. ఒకటి, లేకపోతే సున్నా. సున్నా వేస్తే మీరు చంపేస్తారు వాటిని. కళ్లు పోయింది నాకు! వాటికేం రోగం?"

నిజమే. ఆ అంచున ఎవరో ఒకరు కళ్లు విప్పి చూసిన ఏళ్లలో సాఫ్ట్‌వేర్ సున్నాని అర్థం చేసుకోగలదు. అసలు ఎవరూ చూడని ఏడాది అన్నిటికీ సున్నాలు వస్తే, పక్షులన్నీ ఒక్కసారే పోయాయనుకున్నా అనుకుంటుంది. మా హాస్పిటల్లో మూడో గడి లేని కాగితం ఒక్కటి కూడా బయటికి పోదు. పెరుగన్నం కలుపుకుంటూ శేషగిరి అంకుల్ చెప్పనే చెప్పారు. రెండు నెలలుగా ఈ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి, ఒక్కరోజు కూడా మూడో గడి ఏదీ అని అడగలేదు నేను. పైగా ఈవిడ నమ్మదగ్గది కాదని రాశాను. చాలా సిగ్గేసింది.

"తెలియదు అని కూడా రాయొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది" అన్నాను. "చూడలేకపోయాను అని రాస్తే అది ఏ పక్షినీ చంపదు."

"మరి ముప్ఫై ఏళ్లలో ఎవరూ చెప్పలేదే నాకు" అంది ఏల్సా.

శుక్రవారం: ఒంటిగంట

పొద్దున్నే ఏల్సా నన్ను తట్టి లేపింది. నిన్న రాసిన కాగితం చింపేసి పొయ్యిలో వేసిందట. "పద. ఈరోజు నువ్వు చూడు, నేను చెబుతాను."

అలాగే చేశాం. ఆవిడ కళ్లు మూసుకుని, "ఐదో అరుగు, పసుపు నాచు పట్టిన రాయి, దాని కింద" అనేది. నేను టెలిస్కోపు తిప్పి ఆ పక్షి లేచేదాకా కాచుకునేదాన్ని. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఒక పక్షి నా కోటు మీదకు సగం అరిగిన చేప కక్కింది. "ఎఫ్‌డి?" అనడిగేది ఏల్సా. "లేదు" అనేదాన్ని. "సరే" అనేది. "టీఆర్?" "లేదు." "సరే. దాని తల్లి కూడా అక్కడే గూడు కట్టేది." కొన్ని ఉన్నాయి. చాలావరకు లేవు. ఆ తర్వాత లేదన్న ప్రతిసారీ ఒక్క 'సరే' తప్ప ఇంకో మాట లేదు. ఆ 'సరే' వినలేక ఒకటి రెండుసార్లు అబద్ధం చెబుదామా అనిపించింది. చెబితే ఇక నేను వచ్చిందెందుకు?

చివరికి ఎన్‌కే మిగిలింది. దీవికి వచ్చిన ఆరో ఏడాది ఏల్సా తన చేతులతో రింగు తొడిగిన పిల్ల అది. ఎర్రసిరా గీసి అసాధ్యం అన్నది దీన్నే. దాని గూట్లో ఒక పక్షి కూర్చునుంది, కదలదు, మెదలదు. గంట గడిచింది. కింద రేవులోంచి హ్యూ కేకేశాడు. "నీళ్లు వెనక్కి తీస్తున్నాయి! ఇప్పుడు బయల్దేరకపోతే పడవ రేపే!"

రేపైతే నాకు ఎడింబరో రైలు అందదు. "ఏం చేద్దాం?" అన్నాను.

"టైమెంతైంది?"

"ఒంటిగంటకు ఐదు నిమిషాలు."

"కూర్చో. ఒంటిగంటకు దాని జతది వస్తుంది. అప్పుడు లేస్తుంది" అంది ఏల్సా. అదీ కంఠతానే. ఇంతసేపూ ఆవిడ కంఠతా చెప్పినవి తప్పని రాసుకున్నదాన్ని, అయినా కూర్చున్నాను.

ఒంటిగంటా ఏడు నిమిషాలకు సముద్రం మీంచి ఇంకో పక్షి వచ్చి అరుగు మీద వాలింది. గూట్లోది మెడ చాచి ఏదో గొణిగి, బద్ధకంగా లేచి నిలబడింది. కాలికి రింగుంది. ఒకప్పుడు ఆకుపచ్చది, ఇప్పుడు వెలిసిపోయింది. మొదటి అక్షరం ఎన్. రెండోది సగం అరిగిపోయింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను.

"ఎన్," అన్నాను. "కే."

"మళ్లీ చూడు."

"ఎన్. కే. ఏల్సా, అది ఎన్‌కేనే."

ఆవిడ 'సరే' అనలేదు. చెక్క గోడకు వీపానించి కూర్చుంది. ముక్కు గట్టిగా చీదుకుని, "పిల్లలున్నాయా?" అని అడిగింది.

"రెండు."

హ్యూ పడవ వదల్లేదు. ఇసుకలో ఇరుక్కుపోయేదాకా కాచుకుని, మమ్మల్ని తిట్టి, భుజంతో తోసి తేల్చాడు. దారిలో, "ఏల్సా కళ్ల సంగతి మీకు ముందే తెలుసా?" అని అడిగాను. "ఒకే ఇంట్లో ఉంటాం కదా అమ్మాయ్" అన్నాడు. ఈసారి దూరాన ఉన్న నేలనే చూశాను, వాంతి కాలేదు.

తిరిగొచ్చాక

ఆదివారం నా పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాను. సోమవారం కమిటీ ఇరవై ఏడేళ్ల పడమటి పుస్తకాలు ఉంచుకోవడానికి ఒప్పుకుంది. కాగితంలో మూడో గడి చేర్చారు. వచ్చే ఏడాది నుంచి ఆ అంచుకు ఇద్దరు విద్యార్థులను పంపుతారట. ఎన్‌కే సంగతి ఫోన్లో చెబితే మార్టిన్ ఆ రెండు అక్షరాలూ మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత, "నువ్వే చూశావా?" అన్నాడు. "నేనే చూశాను, ఎక్కడ చూడాలో ఏల్సా చెప్పింది" అన్నాను. చూసినవారు అన్నచోట ఇద్దరి పేర్లూ రాశాను.

పది రోజులకు దీవి నుంచి లావుపాటి కవరు వచ్చింది. చివరి మూడేళ్ల కాగితాలూ ఏల్సా కొత్త ఫారాల మీద తిరగరాసి పంపింది. అంగుళమంత అక్షరాలు, గీతలు దాటి పోతున్నాయి, ఈసారి ఎవరి సాయమూ తీసుకోలేదు. ప్రతి వరుసలోనూ మూడో గడిలోనే గుర్తు. చూడలేకపోయాను, చూడలేకపోయాను, చూడలేకపోయాను. ఎన్‌కే వరుస దగ్గరైనా ఒకటి వేసుకుని ఉంటుందేమోనని వెతికాను. అక్కడా అదే, మూడేళ్లూ.

ఆ సాయంత్రం ఆఫీసులో అవన్నీ ఎక్కించి లెక్క నడిపించాను. రెండు గీతలూ కలిశాయి. ఏల్సా పక్షుల్లో చాలావాటికి ఆ మూడేళ్లలో ఎప్పుడు పోయాయో తెలియదు, సాఫ్ట్‌వేర్ కూడా తెలియదనే చెప్పింది. ఎన్‌కే గళ్లు నేను ముట్టుకోలేదు. ఈ ఏడాది బతికి కనబడింది కాబట్టి, ఆ మూడు ఖాళీలూ సాఫ్ట్‌వేరే నింపుకుంది: బతికే ఉంది, బతికే ఉంది, బతికే ఉంది.

ఆ ఒక్క వరుస మాత్రం అంగుళమంత అక్షరాల్లో ప్రింటు తీసి, ఏల్సాకు పోస్టు చేశాను.